ముందు పని చూడనిద్దాం

"నీకు ఇష్టమైనదే చెయ్యి నాయనా" అని ఈ మధ్య అమెరికాలో ఉన్న మనమంతా ఊళ్లో పిల్లలకి ఫోన్లో తెగ చెబుతున్నాం. మాట మంచిదే. కానీ నెల్లూరులోనో ఒంగోలులోనో బీటెక్ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి ఆ మాటతో ఒరిగేదేమీ లేదు. ఆరో తరగతిలోనే వాణ్ణి హాస్టల్లో వేశాం. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, ఆ తర్వాత ఎంసెట్, ర్యాంకుని బట్టి బ్రాంచి. సెలవులకి ఇంటికొస్తే చుట్టాలు అడిగిందీ మార్కులే. వాడు ఏ పనినీ దగ్గర్నించి చూసింది లేదు. చూడని పని మీద ఇష్టం ఎక్కణ్ణించి పుడుతుంది?

కూర్చుని ఆలోచిస్తే తెలిసేది కాదు ఇష్టం. పని కళ్లారా చూడాలి, కొన్నాళ్లు చెయ్యాలి, కాస్త చేతికి రావాలి. అప్పుడే అది మనకు సరిపడేదో కాదో తేలుతుంది. మన పిల్లలకి లేనిది ఆ అవకాశమే.

మా అన్న కొడుకు బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) చదివాడు. అందరిలాగే అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఏదో కోర్సు నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూలు కలిసి రాలేదు, ఇంటికొచ్చేశాడు. విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు చూసుకునే స్నేహితుడొకడు రమ్మంటే ఊరికే కాలక్షేపానికి వెళ్లాడు. తెల్లారకముందే లేచి గట్టు మీద మీటరు పట్టుకుని నీళ్లలో ఆక్సిజన్ చూడటం అక్కడి మొదటి పని. నీళ్లలోని నాచు పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. అందుకని తెల్లవారేసరికి గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటరు ఆగిందంటే, రైతు నిద్ర లేచేలోపు పంట పోయినట్టే. మేత వేశాక గంటో రెండు గంటలో ఆగి, మేత తిన్నాయో లేదో చూసే పళ్లేన్ని (చెక్ ట్రే) పైకి లాగుతారు. మేత ఎంత మిగిలింది, రొయ్య వీపు వెంబడి పేగు గీత నిండుగా ఉందా తెగిపోయి ఉందా అని వెలుతురుకి పట్టి చూస్తారు. మావాడు ఇదంతా ఫోన్లో చెబుతుంటే వాడి గొంతులో ఆ హుషారు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. "అత్తా, ఆ మీటరు పగలూ రాత్రీ నీళ్లలోనే ఉండి, ఏరేటర్ని అదే ఆన్ చేస్తే?" అన్నాడు. కాలేజీలో పాసవడానికి బట్టీ పట్టిన సెన్సర్ల పాఠం వాడికి ఆ గట్టు మీద పనికొచ్చింది. ఇప్పుడు అలాంటి పరికరాలు బిగించే ఒక చిన్న కంపెనీలో ఉన్నాడు. జీతం గొప్పగా లేదు. పని మాత్రం వదలనంటున్నాడు.

రొయ్యల్లో రిస్కు లేదని నేననను. తొంభైల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యని ఎలా ఊడ్చిపెట్టిందో మన తీరంలో వాళ్లకి చెప్పక్కర్లేదు. 2009లో వెనామీ అనే మరో రకం రొయ్యకి అనుమతి వచ్చాకే మళ్లీ ఊపిరి పీల్చుకున్నారు. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఆ దెబ్బా పడింది. అయితే అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్1బి ఉద్యోగ వీసా పిటిషన్లకి లక్ష డాలర్ల రుసుము అని ఇక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మనం భద్రమని చూపించిన దారి కూడా అంత భద్రమేం కాదని ఆ వారమంతా మోగిన ఫోన్లే చెప్పాయి.

మన వంటింటి గట్ల మీద పరిచిన నల్ల రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే అది చాలావరకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే. అక్కడ డైమండ్ వైరుతో రాతిని ఎలా కోస్తారో ఒంగోలులో జియాలజీ చదివే పిల్లలందరూ చూసుంటారా? ముత్తుకూరులో 1991 నుంచి ఫిషరీస్ కాలేజీ ఉంది. బైపీసీ పిల్లలకి ఎంబీబీఎస్ సీటు రాకపోతే లోకం మునిగిపోయినట్టు ఏడ్చే ఇళ్లల్లో ఆ కాలేజీ పేరెత్తేవాళ్లు తక్కువ.

ఇష్టం మాట వస్తే మావాళ్లు బాలు గారి పేరు చెబుతారు. ఇంజనీరింగ్‌లో చేరి గాయకుడయ్యాడు చూడు, ధైర్యం చేస్తే అవుతుంది అంటారు. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులన్న సంగతి మరిచిపోతారు. పాట అనే పని ఎంత సాధన అడుగుతుందో ఆ పిల్లవాడు ఇంట్లోనే చూస్తూ పెరిగాడు. చదువుకునే రోజుల్లో పోటీల్లో పాడుతూ తన సత్తా తానే తేల్చుకున్నాడు. అందరి ఇళ్లల్లో సాంబమూర్తి గారు ఉండరు. ఆ లోటు చుట్టాలూ ఊరివాళ్లూ తీర్చాలి. మనమూ అందులో ఉన్నాం.

చదువు అప్పు నెత్తిన ఉన్న ఇంట్లో పిల్ల, వచ్చిన ఉద్యోగంలో చేరక తప్పదు. ఆమెని "ప్యాషన్ ఏది" అని అడగడం అన్యాయం. అలాంటి పిల్లలకే మన చేయూత ముందు అందాలి. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ, బీటెక్ అయినవాళ్లు స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకునే వీలుంది. ఆ డబ్బు గది అద్దెకీ మెస్సుకీ బొటాబొటి. ఇక్కడ మన తెలుగువాళ్ల సంఘం ఏటా గోల్డ్ మెడళ్లకీ సన్మానాలకీ పెట్టే ఖర్చులో కొంత తీసి, ఇలాంటి పిల్లలకి ఆరు నెలల అద్దె, భోజనం ఇవ్వాలని నా కోరిక. మార్కులు చూడొద్దు. ఎక్కడ పని చేస్తారో, నేర్పేది ఎవరో రాసిన కాగితం ఒకటి అడిగితే చాలు. మధ్యలో ఇది నాకు పడదని మానుకుంటే డబ్బు తిరిగి అడగకూడదు. అది కూడా తెలుసుకోవాల్సిందే కదా.

ఈ డిసెంబరులో ఊరెళ్లేవాళ్లు పెళ్లిళ్ల మధ్యన ఒక రోజు తీసి, డిగ్రీ చదివే మేనకోడలినో అన్న కొడుకునో వెంటబెట్టుకుని చీమకుర్తి క్వారీకో, రొయ్య పిల్లల్ని పెంచే హేచరీకో, నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రానికో వెళ్లండి. ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకోండి. అక్కడ ప్రశ్నలు పిల్లల్నే అడగనివ్వండి.