సవరణ: ఆ షార్క్ మాట మొదటి సినిమాది కాదు

మొన్న కళింగపట్నం బీచ్ ఫొటోతో పెట్టిన పోస్టులో హారర్ సినిమాల పోస్టర్ల మీది మాటల గురించి రాశాను కదా, అందులో ఒకటి తప్పు. "మళ్లీ నీళ్లలోకి దిగినా భయం లేదులే అనుకునేలోపే..." అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట 1975లో స్పీల్‌బర్గ్ తీసిన 'జాస్'ది అన్నాను. కాదు, అది 1978లో వచ్చిన 'జాస్ 2' ప్రచారం కోసం రాసింది. ఆ రెండోదాన్ని తీసింది స్పీల్‌బర్గ్ కూడా కాదు.

శ్రీకాకుళంలో ఉండే మిత్రుడొకాయన చెప్పాక రెండు సినిమాల పాత పోస్టర్లు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాని మీద తెగ అమ్ముడైన నవల నుంచి తీశామన్న గొప్పే ఉంది, ఈ మాట లేదు. అసలు 'మళ్లీ' అన్న ముక్క దగ్గరే నాకు అనుమానం రావాలి. మొదటి షార్క్ చచ్చాకే కదా జనం మళ్లీ నీళ్లలోకి దిగేది! చూసుకోకుండా గుర్తున్నది రాసేశాను, పొరపాటు నాదే.

అంతరిక్షంలో మీ కేక ఎవరికీ వినపడదన్నది మాత్రం 1979 నాటి 'ఏలియన్'దే, అందులో మార్పు లేదు. పాత పోస్టు దిద్దాను. షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా చేయండి.