కోచ్ మారితే పెనాల్టీ కార్నర్ గోల్ అవుతుందా?

మన మహిళల హాకీ జట్టు గురించి మాట్లాడుకునే చోట ఇప్పుడు రెండు వర్గాలే ఉన్నాయి. కోచ్ హరేంద్ర సింగ్ పదవి వదిలేశాడు, పాత కోచ్ ష్యోర్డ్ మరైన్ తిరిగొచ్చాడు, ఇక అంతా సర్దుకుంటుందని ఒక వర్గం. ఏ కోచ్ వచ్చినా ఒకటే, అమ్మాయిల్లోనే దమ్ము లేదని ఇంకో వర్గం. రెండూ తప్పే అంటాను. ఓడిపోతున్న తీరు చూడకుండా స్కోరు మాత్రమే చూస్తే ఎవరో ఒకరిని తిట్టడం తప్ప ఇంకేమీ మిగలదు.

ప్రపంచంలోని పెద్ద జట్లు ఆడే ప్రో లీగ్‌లో 2024–25లో మనకి 16 మ్యాచ్‌లకి 10 పాయింట్లు. తొమ్మిది జట్లలో చివరి స్థానం, దాని కింది స్థాయి టోర్నీ నేషన్స్ కప్‌కి దిగిపోవడం. 2022లో వలెన్సియాలో అదే నేషన్స్ కప్ గెలిచి పైకెక్కిన జట్టు ఇది. 2025 జూన్‌లో యూరప్‌లో ఆడిన ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. దమ్ము లేదనే వాళ్ళు ఈ లెక్కే చూపిస్తారు. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో, అదే కోచ్ కింద, దాదాపు అదే జట్టు భువనేశ్వర్‌లో ఒలింపిక్ చాంపియన్ నెదర్లాండ్స్‌ని 2-2 దగ్గర ఆపి షూటౌట్‌లో గెలిచింది. యూరప్‌లో ఆస్ట్రేలియాతో ఒక మ్యాచ్ 2-3, చైనాతో ఇంకొకటి 2-3. ఆట రాని జట్టుకి ఇలాంటి స్కోర్లు రావు. మ్యాచ్‌ని నిలబెట్టుకోవాల్సిన రెండు మూడు చోట్ల పని జరగని జట్టుకి వస్తాయి. ఆ చోట్లు ఏమిటన్నదే అసలు విషయం.

మొదటిది పెనాల్టీ కార్నర్, అంటే అవతలి జట్టు తన గోల్ దగ్గర తప్పు చేసినప్పుడు మనకి దొరికే గోల్ అవకాశం. టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని క్వార్టర్ ఫైనల్లో 1-0తో ఓడించింది గుర్జీత్ కౌర్ కొట్టిన పెనాల్టీ కార్నరే. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్‌కి దూరమైన రోజు, మనకొచ్చిన పెనాల్టీ కార్నర్లలో ఒక్కటీ గోల్ కాలేదు. జపాన్ గోల్ మాత్రం ఆరో నిమిషంలో పెనాల్టీ కార్నర్ మీదే వచ్చింది. ఇంత చిన్న తేడా మీద నాలుగేళ్ళ కష్టం ఆధారపడుతుంది.

డ్రాగ్ ఫ్లిక్ (బంతిని కర్రతో లాగి విసిరే షాట్) సరిగా పడలేదంటే అది కొట్టే ఫ్లికర్‌ని తిడతాం. ఆమె చేతికి బంతి చేరేలోపే సగం కథ అయిపోతుంది. గోల్ పోస్టుకి పది మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద నుంచి ఒకరు బంతిని నెడతారు. 'డి' (గోల్ ముందుండే అర్ధచంద్రాకారపు గీత) పైభాగానికి అక్కడి నుంచి దాదాపు 18–19 మీటర్లు. షాట్ కొట్టేలోపు బంతి ఒకసారి 'డి' బయటికి వెళ్ళి తీరాలి. నెట్టిన బంతి నేలకి అతుక్కుని వేగంగా రావాలి, స్టాపర్ దాన్ని కదలకుండా ఆపాలి, ఫ్లికర్ అడుగులు ఆ బంతి ఆగే చోటుకి ముందే లెక్కేసి పడుతుంటాయి. బంతి జానెడు ముందో వెనకో ఆగితే డ్రాగ్ పొడవు తగ్గుతుంది. వెనక కాలి దగ్గర బంతిని అందుకుని ముందు కాలి అవతలి దాకా లాగడంలోనే వేగం పుడుతుంది కాబట్టి, ఆ పొడవు తగ్గితే షాట్‌లో బలం ఉండదు. ఈలోపు గోల్‌లోంచి దూసుకొచ్చే మొదటి రన్నర్ ఎదురుగా ఉంటుంది. మొత్తం వ్యవహారం రెండు సెకన్ల లోపే. అందుకే నెట్టేవాళ్ళు, ఆపేవాళ్ళు, కొట్టేవాళ్ళు ముగ్గురూ కలిసి నెలల తరబడి ఒకే జట్టుగా సాధన చెయ్యాలి. మనకి ఆ ముగ్గురూ గాయాలతోనో ఎంపికలతోనో మారిపోతూనే ఉంటారు.

ఇందులో అభిమానులు అసలు మాట్లాడని నిబంధన ఒకటుంది. పెనాల్టీ కార్నర్ ఇచ్చాక అది పూర్తయ్యే దాకా సబ్‌స్టిట్యూషన్ కుదరదు. గాయపడిన గోల్‌కీపర్ లాంటి మినహాయింపు తప్పితే బెంచీ మీదున్న మనిషి లోపలికి రాలేదు. అంటే మన ప్రధాన ఫ్లికర్ దీపిక బెంచీ మీద కూర్చున్న నాలుగు నిమిషాల్లో కార్నర్ వస్తే అది దీపిక లేని కార్నరే. కాబట్టి ఒక ఫ్లికర్ బయటికి వస్తున్నప్పుడు ఇంకో ఫ్లికర్ మైదానంలో ఉండేలా రొటేషన్ రాసుకోవాలి. దానికి ముందు రెండో ఫ్లికర్ అంటూ ఉండాలి. 2025 ఆసియా కప్‌కి దీపిక గాయంతో దూరమయ్యాక మన దగ్గర ఆ స్థాయి రెండో మనిషి కనిపించలేదు. 2024 రాజ్‌గిర్ ఆసియా చాంపియన్స్ ట్రోఫీలో 11 గోల్స్ కొట్టి, ఫైనల్లో చైనా మీద ఒకే ఒక్క గోల్‌తో కప్పు తెచ్చింది దీపికే. అంత బరువు ఒక్కరి మీద పెట్టి, ఆ ఒక్కరి నడుము, తొడ కండరాలు పట్టేస్తే జట్టు ఏమవుతుందో ఆలోచించకపోవడం కోచ్ తప్పు మాత్రమే కాదు. ఫ్లికర్లు జూనియర్ స్థాయిలో తయారవ్వాలి. జాతీయ శిబిరంలో ఆరు నెలల్లో పుట్టుకురారు.

రెండో చోటు ఇంకా బాధ కలిగిస్తుంది. 2025 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా కప్ ఫైనల్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మొదటి నిమిషంలోనే నవనీత్ పెనాల్టీ కార్నర్‌ని గోల్ చేసింది. గెలిస్తే నేరుగా ప్రపంచ కప్ బెర్త్. చివరికి 1-4. చైనా కొట్టిన నాలుగులో మూడు రెండో అర్ధభాగంలోనే పడ్డాయి. ఎందుకు? అవతలి జట్టు ముందుకొచ్చి ప్రెస్ చేసినప్పుడు, అంటే బంతి లాక్కోవడానికి మీద పడ్డప్పుడు, మన డిఫెండర్లు బంతిని కుడి పక్క గీత వెంట తీసుకెళ్ళడానికే అలవాటు పడ్డారు. ఆ గీత అవతలి జట్టుకి అదనపు డిఫెండర్ లాంటిది. అక్కడ ఇద్దరు మూసేస్తే మిగిలే దారులు రెండే, బంతి బయటికి పోవడం లేదా లోపలికి ఇచ్చి పోగొట్టుకోవడం. దానికి మందు అందరికీ తెలుసు. బంతిని వెనక నుంచే ఎడమకి మళ్ళించాలి, మధ్యలో ఒక మిడ్‌ఫీల్డర్ బంతి వైపే ముఖం పెట్టకుండా పక్కకి తిరిగి నిలబడి అందుకోవాలి, అవసరమైతే స్కూప్‌తో, అంటే బంతిని గాల్లోకి లేపి, ప్రెస్ మీదుగా దాటించాలి. మొదటి రెండు క్వార్టర్లలో మనవాళ్ళు ఇదంతా చేస్తారు కూడా. నాలుగో క్వార్టర్‌లో చెయ్యలేరు. అలసిన కాళ్ళతో పొజిషన్‌లోకి పరిగెత్తడం ఆగిపోతుంది, పాస్ ఇవ్వడానికి మనిషి దొరకదు, డిఫెండర్ బంతి పట్టుకుని గీత వైపే నడుస్తుంది.

అలసట అనగానే ఫిట్‌నెస్ అంటారు. నాకైతే ముందు లెక్కలో తప్పు కనిపిస్తుంది. మ్యాచ్‌కి ఎంపికైన 18 మందిలో ఇద్దరు గోల్‌కీపర్లు పోతే 16 మంది. మైదానంలో పది మంది, 60 నిమిషాలు, అంటే 600 నిమిషాలు. సమానంగా పంచితే తలా 37 నిమిషాల పైచిలుకు. డిఫెన్స్‌లో నలుగురు 55 నిమిషాలు ఆడితే మిగిలిన పన్నెండు మందికి తలా 31–32 నిమిషాలొస్తాయి, అది బానే ఉంటుంది. మన దగ్గర జరిగేది వేరు. మ్యాచ్ బిగుసుకోగానే బెంచీ మీద నమ్మకం పోయి మిడ్‌ఫీల్డ్‌లో కూడా అదే ఇద్దరు ముగ్గురిని లోపల ఉంచేస్తారు. సలీమా టేటే ఎంత పరిగెత్తినా 52వ నిమిషంలో ఆమె రెండో నిమిషంలో ఉన్న సలీమా కాదు. బెంచీ మీదున్న పిల్లలకి పెద్ద మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు ఇవ్వకుండా, వాళ్ళు ఒత్తిడి తట్టుకోలేరని తీర్మానించడం అన్యాయం.

ఇక కోచ్‌ల విషయం. టోక్యో తర్వాత మరైన్ వెళ్ళాడు, యానెకె షాప్‌మన్ వచ్చింది, 2024 ఫిబ్రవరిలో ఆమె రాజీనామా. ఏప్రిల్‌లో హరేంద్ర, 2025 డిసెంబరులో వ్యక్తిగత కారణాలంటూ ఆయన రాజీనామా. 2026 జనవరిలో మళ్ళీ మరైన్. 2018లో ఈ హరేంద్ర, ఈ మరైన్‌లే పురుషుల జట్టు, మహిళల జట్టు ఒకరికొకరు మార్చుకున్నారన్నది చాలామంది మర్చిపోయారు. ఒక్కొక్కరూ వచ్చి ప్రెస్ ఎక్కడ మొదలుపెట్టాలో, కార్నర్‌కి ఎవరు పరిగెత్తాలో మళ్ళీ మొదటి నుంచి నేర్పుతారు. చైనా 2022లో అలిసన్ అన్నాన్‌ని కోచ్‌గా తెచ్చుకుని కుదురుగా పని చెయ్యనిచ్చింది, పారిస్‌లో రజతం తెచ్చుకుంది. మరైన్ మంచి కోచ్, సందేహం లేదు. కానీ టోక్యోలో కూడా మొదటి మూడు మ్యాచ్‌లు వరసగా ఓడిన జట్టే సెమీస్‌కి వెళ్ళింది. అప్పుడు మూడో ఓటమి రోజున ఆయన్ని తీసేయమన్న గొంతులే ఇప్పుడు ఆయన్ని దేవుడంటున్నాయి.

గోల్‌కీపింగ్ మీద ఒక్క మాట. సవిత ఉన్నన్నాళ్ళు ఆ స్థానం గురించి ఎవరూ కంగారుపడలేదు. మన అప్పటి చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళిన రజని ఎతిమర్పు అంత అనుభవం ఉన్నా ఎన్నో ఏళ్ళు సవిత వెనకే నిలబడాల్సి వచ్చింది. సవిత ఆసియా కప్‌కి గాయంతో లేకపోయేసరికి ఆ పెద్ద మ్యాచ్‌ల బరువంతా ఒక్కసారిగా బిచ్చు దేవి మీద పడింది. రెండో కీపర్‌కి ముందు నుంచీ మ్యాచ్‌లు పంచి ఉంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

2026 మార్చి 8 నుంచి ప్రపంచ కప్ క్వాలిఫయర్ మన హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో. టీవీలో కనపడనివి స్టాండ్స్‌లో కూర్చుంటే కనపడతాయి, అందుకని ఇలాంటి మ్యాచ్‌లకి వెళ్ళండి. బంతి వెంట కాకుండా బెంచీ వైపు చూడండి. ఫ్లికర్ బయటికొస్తున్నప్పుడు ఎవరు లోపలికి వెళ్తున్నారో, 45వ నిమిషం తర్వాత ఎంతమంది కొత్త కాళ్ళు మైదానంలో ఉన్నాయో, డిఫెండర్ కుడి గీత దగ్గర ఇరుక్కున్నప్పుడు సాయానికి ఎవరు వస్తున్నారో రాసుకోండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని వచ్చి కోచ్‌ని తిట్టండి, ప్లేయర్‌ని తిట్టండి, నేను వింటాను.