జోడీ లేని బల్ల

ఇంటర్నెట్‌లో ఒక బల్ల అమ్మకానికి కనబడింది. న్యూజిలాండ్ కౌరీ మానుదట, బురదలో యాభై వేల ఏళ్లు నానిందట. ఫొటోలో అద్దంలా మెరుస్తోంది. పైన ఒక కాఫీ కప్పు, పక్కన ఎవరూ తెరవని ఒక లావు పుస్తకం. కింద గర్వంగా ఒక ముక్క: "ప్రపంచంలో దీనికి జోడీ లేదు."

మంచుయుగం నడుస్తుండగా మొలిచి, కూలి, బురదలో మునిగి, ఇన్నివేల ఏళ్లు ఆ చెట్టు కాచుకుని కూర్చున్నది ఈ కప్పు కోసమన్నమాట. ధన్యజీవి!

ఇది గ్రహించని అమాయకులు కొందరున్నారు. శాస్త్రవేత్తలంటారు వాళ్లను. న్యూజిలాండ్ ఉత్తర కొసన ఉన్న నార్త్‌లాండ్‌లో, మొక్కల చెత్త పేరుకున్న పీట్ బురదనేలల్లో, గాలి చొరని పుల్లటి నీళ్లలో కుళ్లకుండా మిగిలిన ఈ మానులు ఏడాదికో వలయం చొప్పున రాసిపెట్టిన దస్త్రాలని వాళ్ల వాదన. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడాది కౌరీకి వలయం సాధారణంగా వెడల్పుగా పడుతుంది, అది చల్లబడే లానినా ఏడాది సన్నగా. 2019లో అక్కడి ఙాఫా అనే ఊళ్లో విద్యుత్ కేంద్రం కోసం తవ్వుతుంటే దొరికిన ఒక్క మానులోనే సుమారు 1,700 ఏళ్ల వలయాలున్నాయి. 42,000 ఏళ్ల కిందట భూమి అయస్కాంత క్షేత్రం నీరసించి, గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ పెరిగిన వైనమంతా అందులో బయటపడింది. 2021లో 'సైన్స్' పత్రిక అచ్చేసింది. ఆ మానుకి ఎన్ని టీపాయిలు వచ్చేవో లెక్క కట్టినవాడు మాత్రం లేడు, పాపం.

అక్కడ చట్టం లేదా అంటే, నిక్షేపంలా ఉంది. 1949 నాటి అడవుల చట్టం ప్రకారం నేలలోంచి తీసిన కౌరీ దుంగల్ని, కోసిన చెక్కని దేశం దాటించకూడదు. తయారైన వస్తువైతే సరే. ఇంకేం, దుంగ మీద పైపైన ఉలి ఆడించారు, 'ఆలయ స్తంభం' అన్నారు. రేవులో సంభాషణ నాకు వినబడుతూనే ఉంటుంది.

"ఏమిటయ్యా ఇది?"

"స్తంభమండీ."

"ఏ గుడిది?"

"ఇంకా కట్టలేదండీ."

"చెక్కుడేదీ?"

"ఇటు రండి, కాస్త టార్చి వెయ్యండి... ఆఁ, అదేనండి."

"మరి ఈ పలక?"

"భోజనాల బల్లండీ."

"కాళ్లు?"

"అవతలి ఒడ్డున మొలుస్తాయండీ."

అధికారులు తలూపారు. కింది కోర్టులు రెండూ వాళ్లనే సమర్థించాయి. పైపైన చెక్కినంత మాత్రాన దుంగ దుంగ కాకుండా పోదని చెప్పడానికి 2018లో ఏకంగా సుప్రీంకోర్టు కూర్చోవాల్సి వచ్చింది. అప్పటికి ఓడలెక్కినవి ఎక్కేశాయి.

ఇక నాకు నవ్వు రావడం లేదు. శాస్త్రవేత్తలు అడిగేది మాను మొత్తం కాదు, అడ్డంగా కోసిన ఒక్క బిళ్ల. దాన్ని వాళ్లూ గరుకు కాగితంతోనే రుద్దుతారు, వలయాలు లెక్కపెట్టడానికి. ఆ బిళ్ల తీసే తీరిక కూడా లేదా మీకు? ప్రొక్లెయినర్ దించి పెకలించేటప్పుడు అది ఏ పొరలో పడుందో, పక్కన ఏ మాను ఉందో ఒక్కడైనా రాసుకున్నాడా? రేపు ఎల్‌నినో ఎలా విరుచుకుపడుతుందో తెలియక ప్రపంచం తల పట్టుకుంటుంటే, అది వేల ఏళ్ల కిందట ఎలా నడిచిందో రాసిపెట్టిన కాగితాల్ని చింపి, వార్నిష్ కొట్టి అమ్ముకుంటారా? సిగ్గుండాలి!

పైగా ఒంటరి మానుతో పని జరగదు. ఈ చెట్టు ముసలితనపు వలయాలు ఇంకో చెట్టు పడుచుదనపు వలయాలతో సరిపోలాలి. సన్నం, సన్నం, వెడల్పు, మళ్లీ సన్నం అని రెండిట్లోనూ ఒకే వరస పడితే గొలుసులో ఇంకో లంకె కలిసినట్టు. అలా చెట్టుకి చెట్టు తగిలిస్తూ వెనక్కి వెళతారు. మధ్యలో ఒకటి పోతే అక్కడితో తెగినట్టే.

ఆ అమ్మేవాడు అబద్ధమాడలేదు. దీనికి జోడీ నిజంగానే లేదు. అది పక్క గుంటలోనే ఉండేది, కిందటి ఓడలో వెళ్లిపోయింది.