రేగెన్స్‌బర్గ్‌లో పోప్ చదివిందీ, మన ఫోన్లకు వచ్చేదీ

చర్చికీ మసీదుకీ మధ్య గొడవ అన్న వార్త ఎక్కడ వచ్చినా ఒక పాత పోస్టు మళ్ళీ ఫోన్లలోకి దిగుతుంది. 2006లో పోప్ 16వ బెనెడిక్ట్ ఇస్లాం గురించి ఉన్న మాట అనేశాడట. ముస్లింలు చర్చిలు తగలబెట్టి, ఒక సిస్టర్‌ని చంపి, ఆయన అన్నదే నిజమని చూపించారట. పోప్ భయపడి మాట వెనక్కి తీసుకున్నాడట. ఒక్క ముస్లిం పండితుడూ నోరు విప్పలేదట. అప్పటినుంచి రెండు మతాల మధ్య మాటల్లేవట. పైన పోప్ ఫొటో, కింద కోట్స్‌లో ఒక వాక్యం.

ముందు ఆ వాక్యం సంగతి చూద్దాం. ముహమ్మద్ ప్రవక్త కొత్తగా తెచ్చినదాంట్లో చెడు, అమానుషం తప్ప ఏమీ లేవని, మతాన్ని కత్తితో వ్యాపింపజేయమనడం అందుకు ఉదాహరణ అని దాని అర్థం. ఈ మాటలు పోప్‌వి కావు. బైజాంటియన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యపు క్రైస్తవ చక్రవర్తి రెండో మాన్యుయల్ పాలియోలోగస్‌వి. 1391 చలికాలంలో అంకారా దగ్గర చదువుకున్న ఒక పర్షియన్ ముస్లింతో తాను చేసిన చర్చను ఆ చక్రవర్తి రాసిపెట్టుకున్నాడు. ఆ పుస్తకంలోని ముక్కను పోప్ 2006 సెప్టెంబర్ 12న జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ యూనివర్సిటీలో చదివి వినిపించాడు. ఒకప్పుడు ఆయన ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పిన చోటే అది.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఆ రోజుల్లో మాన్యుయల్ స్వతంత్రుడైన రాజేమీ కాదు. ఒట్టోమన్ సుల్తాన్ బయజీద్‌కు సామంతుడు. సుల్తాన్ దండయాత్రకు తన సైన్యంతో తప్పనిసరై వెంట వెళ్ళి అంకారాలో ఆగినప్పుడు ఈ చర్చ జరిగింది. సుల్తాన్ శిబిరంలో ఉన్న సామంతుడు ఒక ముస్లిం పండితుడి ఎదురుగా కూర్చుని ఇంత మాట అనగలిగాడు, ఆయన విని జవాబు చెప్పాడు, మర్నాడు మళ్ళీ కూర్చున్నారు. ఈ దృశ్యాన్ని పోస్టు రాసినవాళ్ళూ పట్టించుకోలేదు, ఆ మాటకు మేము పక్కా జవాబిస్తామని రోడ్డెక్కినవాళ్ళూ పట్టించుకోలేదు.

పోనీ, చెప్పింది చక్రవర్తే అయినా పోప్ ఉద్దేశం అదే కదా అంటారు. ప్రసంగం మొత్తం చదివితే అలా అనిపించదు. అందులో ఎక్కువ భాగం ఇస్లాం గురించి కాదు. విశ్వాసానికీ తర్కానికీ సంబంధం తెగిపోతోందని, యూరప్ యూనివర్సిటీలు దేవుడి ప్రశ్ననే బయటికి నెట్టేశాయని ఆయన బాధ. ప్రొటెస్టెంట్ సంస్కర్తలకూ, ఆధునిక పాశ్చాత్య ఆలోచనకూ అందులో పడిన చురకలు ఇస్లాం మీద పడినవాటికంటే ఎక్కువే. వాటి గురించి ఎవరూ ధర్నా చేయలేదు.

అలాగని పోప్‌ని పూర్తిగా వెనకేసుకు రాలేం. ఎన్ని పుస్తకాలు తెలిసినవాడు, మతం బలవంతంతో రాకూడదు అన్న మాట చెప్పడానికి ఆ వాక్యమే దొరికిందా? చదివినప్పుడు ఆయన దాన్ని ఆశ్చర్యపోయేంత కటువైన మాట అన్నాడు తప్ప తప్పు మాట అనలేదు. తర్వాత అచ్చైన ప్రతిలో మాత్రం ‘మనం ఒప్పుకోలేనంత’ కటువైనది అని మార్చాడు, ఇది తన అభిప్రాయం కాదని ఫుట్‌నోట్ కూడా పెట్టాడు. ఆ మార్పు మైకు ముందు చదవకముందే జరిగి ఉంటే బాగుండేది. పైగా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, వాటికన్‌లో ఇస్లాం బాగా తెలిసిన ఆర్చిబిషప్ మైకేల్ ఫిట్జ్‌గెరాల్డ్‌ని ఇతర మతాలతో సంభాషణ చూసే విభాగం నుంచి తీసేసి కైరోకు రాయబారిగా పంపేశారు. ఇది నా అనుమానమే, కానీ ఆయన రోమ్‌లోనే ఉండి ఆ కాగితాలు ముందుగా చూసుంటే ఆ ముక్క మిగిలేది కాదేమో.

ఇక క్షమాపణ. సెప్టెంబర్ 17 ఆదివారం ప్రార్థనలో పోప్ అన్నది జాగ్రత్తగా చదవాలి. తన ప్రసంగంలోని కొన్ని భాగాలు ముస్లింల మనసుకు నొప్పి కలిగించేలా ఉన్నాయని కొన్ని దేశాల్లో వచ్చిన ప్రతిస్పందనలకు తాను చాలా విచారిస్తున్నానన్నాడు. అది మధ్యయుగపు పుస్తకంలోని మాట, తన సొంత ఆలోచన ఏ రకంగానూ కాదన్నాడు. ప్రసంగాన్ని వెనక్కి తీసుకోలేదు. కాబట్టి భయపడి వెనక్కి తగ్గాడనే ఈ పోస్టూ తప్పే, ఆయన ఒక్క ముక్క కూడా విచారించలేదని ఇంకొన్ని గ్రూపుల్లో తిరిగే పోస్టూ తప్పే. సెప్టెంబర్ 25న ముస్లిం దేశాల రాయబారుల్ని తన వేసవి విడిది కాస్టెల్ గండోల్ఫోకి పిలిచి మాట్లాడాడు కూడా.

అన్నిటికంటే నాకు ఒళ్ళుమండేది నాలుగో మాట, పండితులు నోరు విప్పలేదన్నది. ప్రసంగం అయిన నెలకు, అక్టోబర్‌లో, 38 మంది ముస్లిం పండితులు పోప్‌కు బహిరంగ లేఖ రాశారు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ (దేశంలో ఇస్లాం ధర్మశాస్త్రం చెప్పే పెద్ద పండితుడు) అలీ గోమా, బోస్నియా గ్రాండ్ ముఫ్తీ ముస్తఫా సెరిచ్ లాంటివాళ్ళు సంతకాలు పెట్టారు. సున్నీలు, షియాలు ఇద్దరూ ఉన్నారు. అందులో తిట్లు లేవు. మంచి గురువు శిష్యుడి పేపరు దిద్దినట్టు ఉంటుంది ఆ లేఖ.

‘మతంలో బలవంతం లేదు’ అన్న ఖురాన్ వాక్యం ప్రవక్తకు ఇంకా బలం లేని తొలిరోజుల్లోదని పోప్ అన్నాడు. కాదు, అది మదీనాలో ముస్లింలకు బలం వస్తున్న కాలంలోది అని లేఖ చూపించింది. యూదు, క్రైస్తవ మతాల్లోకి వెళ్ళిన తమ పిల్లల్ని బలవంతంగా ఇస్లాంలోకి తేవాలనుకున్న తల్లిదండ్రుల్ని ఆపడానికే ఆ వాక్యం వచ్చిందని వివరించింది. అంటే చేతకానివాడు చెప్పిన మాట కాదు, చేయగలిగినవాడికి పడిన కళ్ళెం. దేవుడు తన మాటకే కట్టుబడక్కర్లేదని మధ్యయుగపు ముస్లిం పండితుడు ఇబ్న్ హజ్మ్ అన్నాడని పోప్ ఉదాహరించాడు. ఆయన గొప్పవాడే కానీ ఆయన పద్ధతిని ఇవాళ ముస్లిం ప్రపంచంలో ఎవరూ పాటించరని లేఖ జవాబిచ్చింది. ప్రవక్త కొత్తగా ఏం తెచ్చాడన్న చక్రవర్తి ప్రశ్నకు జవాబైతే ముచ్చటగా ఉంటుంది: కొత్తది తెచ్చానని ఆయన ఎప్పుడూ అననేలేదు, ముందటి ప్రవక్తలకు చెప్పిందే నీకూ చెబుతున్నామని ఖురానే అంటుంది కదా అని. మనుషుల జీవితాన్ని భౌతికవాదం కమ్మేయడాన్ని పోప్ ఎదిరించినందుకు అదే లేఖలో మెచ్చుకున్నారు. సోమాలియాలో సిస్టర్ హత్య ఇస్లాంకు పూర్తిగా విరుద్ధమని, దాన్ని ఖండిస్తున్నామని సూటిగా రాశారు.

సరిగ్గా ఏడాదికి, 2007 అక్టోబర్ 13న, 138 మంది ఇంకో లేఖ రాశారు. దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు అన్న రెండు ఆజ్ఞల మీద ఇరువురం కలవలేమా అన్నది దాని విషయం. దాని ఫలితంగానే 2008 నవంబర్‌లో రోమ్‌లో కాథలిక్-ముస్లిం ఫోరం మొదటిసారి కూర్చుంది. దీంతో ఐదో మాటకూ, అంటే రెండు మతాల మధ్య మాటల్లేవన్నదానికీ, జవాబు సగం వచ్చేసింది. మిగతా సగం: ప్రసంగం అయిన మూడు నెలల్లోపే, 2006 నవంబర్ 30న, బెనెడిక్ట్ ఇస్తాంబుల్ బ్లూ మసీదులోకి చెప్పులు విడిచి వెళ్ళి, ముఫ్తీ పక్కన నిలబడి మౌనంగా ప్రార్థించాడు. మాటలు ఆగిన కాలం లేకపోలేదు. 2011 జనవరిలో అలెగ్జాండ్రియా చర్చిలో బాంబు పేలాక పోప్ అన్న మాటలకు అలిగి కైరోలోని అల్-అజ్హర్, అంటే సున్నీ ముస్లింల పెద్ద విద్యాపీఠం, చర్చలు ఆపేసింది. తర్వాతి పోప్ ఫ్రాన్సిస్ కాలంలో అవి మళ్ళీ మొదలై, 2019 ఫిబ్రవరిలో అబూదాబిలో ఆయనా, అల్-అజ్హర్ పెద్ద ఇమామ్ అహ్మద్ అల్-తయ్యిబ్ కలిసి ఒక పత్రం మీద సంతకం పెట్టేదాకా వెళ్ళాయి.

చివరికి హింస. అది జరిగింది, దాన్ని తగ్గించి చెప్పడం నాకిష్టం లేదు. పాలస్తీనాలో చర్చిల మీద పెట్రోలు బాంబులు వేశారు. నాబ్లస్‌లో దాడి జరిగినవాటిలో ఆంగ్లికన్, గ్రీక్ ఆర్థోడాక్స్ చర్చిలు ఉన్నాయి. పోప్‌తో ఏ సంబంధమూ లేని చర్చిలవి. సెప్టెంబర్ 17న సోమాలియా రాజధాని మొగదిషులో ఇటలీ దేశపు సిస్టర్ లియొనెల్లా స్గోర్బాతిని కాల్చి చంపారు. ఆమెకు 65 ఏళ్ళు. ప్రసంగానికి ప్రతీకారంగానే చంపారేమోనన్న అనుమానం ఆ రోజే వచ్చింది. ఆమె అక్కడ పిల్లల ఆసుపత్రిలో సోమాలీ విద్యార్థులకు నర్సింగ్ నేర్పేది. చివరి క్షణాల్లో ‘క్షమిస్తున్నాను’ అందని ఆమె సంఘంవాళ్ళు చెప్పారు. పోస్టులో ఆమె చావు ఉంటుంది, ఆ మాట ఉండదు. ఆమెతోపాటు అదే తూటాలకు చనిపోయిన బాడీగార్డ్ సంగతీ ఉండదు. ఆయన సోమాలీ ముస్లిం.