శత్రువు వైపు నుంచి చూడటం: ఒక వాదోపవాదం

వాది: యుద్ధంలో ప్రత్యర్థి దేనికి భయపడుతున్నాడో తెలుసుకోకుండా వేసే ప్రతి అడుగూ యుద్ధాన్ని ఎక్కడిదాకా పెంచుతుందో అంచనాకు అందదు.

ప్రతివాది: ఆ మాట మెతకదనానికే దారితీస్తుందండీ. 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్ హిట్లర్ ఫిర్యాదులో ఎంతో కొంత న్యాయముందని భావించి చెకోస్లోవేకియాలోని సుడేటెన్ ప్రాంతాన్ని అతనికి అప్పగించాయి. ఆరు నెలలు గడవకముందే అతని సేనలు ఆ దేశ రాజధాని ప్రాగ్‌లో ప్రవేశించాయి.

వాది: అక్కడ లోపించింది అవగాహనే. బ్రిటన్ ప్రధాని చేంబర్లేన్ హిట్లర్‌ను కూడా తనలాగే యుద్ధాన్ని తప్పించాలనుకునేవాడిగా ఊహించుకున్నారు. అర్థం చేసుకోవడమంటే నమ్మడం కాదు. కొరియా యుద్ధంలో, 1950 అక్టోబరులో చైనా ప్రధాని చౌ ఎన్‌లై అర్ధరాత్రివేళ భారత రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించి, అమెరికన్ సేనలు రెండు కొరియాల మధ్య సరిహద్దు అయిన 38వ అక్షాంశం దాటితే చైనా జోక్యం చేసుకుంటుందని చెప్పారు. వాషింగ్టన్ దాన్ని ఉత్త బెదిరింపుగా కొట్టిపారేసింది. ఆ నెలలోనే చైనా సేనలు కొరియా సరిహద్దులోని యాలూ నది దాటాయి, యుద్ధం 1953 దాకా సాగింది.

ప్రతివాది: జరిగిపోయాక ఏ హెచ్చరిక నిజమో చెప్పడం సులువే. ప్రతి బెదిరింపుకూ వెనక్కి తగ్గితే, బెదిరించడమే లాభసాటి వ్యవహారమవుతుంది. 1962లో సోవియట్ నేత క్రుశ్చేవ్ క్యూబాలో మోహరించిన అణు క్షిపణులను తీసుకుపోయింది అమెరికా నౌకాబలాన్ని చూసే కదా?

వాది: బలం పాత్రను నేను కాదనను, కానీ అక్టోబరు 27ను గుర్తుచేసుకోండి. ఆ రోజు క్యూబా మీద అమెరికా గూఢచారి విమానం యూ-2ను కూల్చేశారు, పైలట్ మరణించాడు, దాడి చేయాలన్న ఒత్తిడి పెరిగింది. మాస్కోలో అమెరికా రాయబారిగా పనిచేసి క్రుశ్చేవ్‌ను దగ్గరగా చూసిన లెవెలిన్ థాంప్సన్ మాత్రం, క్యూబాను తానే కాపాడానని చెప్పుకునే వీలు కల్పిస్తే ఆయన వెనక్కి తగ్గుతారని అమెరికా అధ్యక్షుడు కెనడీకి వివరించారు. క్యూబాపై దండెత్తబోమన్న హామీతో, టర్కీలో అమెరికా ఉంచిన జూపిటర్ అణు క్షిపణులను తొలగిస్తామన్న రహస్య మాటతో సంక్షోభం సడలింది. క్యూబాలో అప్పటికే సోవియట్ యుద్ధరంగ అణ్వాయుధాలు ఉన్నాయని దాడి కోరినవారికి తెలియదు. అదే రోజు ఒక సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించడానికి అమెరికన్ నౌకలు సంకేతంగా చిన్న పేలుళ్లు జరిపాయి; పైన యుద్ధం మొదలైందో లేదో లోపలివారికి తెలిసే మార్గమే లేదు, వారి దగ్గర అణు టార్పెడో ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు వణుకు పుడుతుంది.

ప్రతివాది: ఆ ప్రమాదాన్ని నేనూ ఒప్పుకుంటాను. అయితే ప్రతి యుద్ధంలోనూ ఒక థాంప్సన్ దొరకడు కదా?

వాది: దొరకడు కాబట్టే అలాంటివారిని శాంతికాలంలోనే తయారుచేసుకోవాలి, యుద్ధం వచ్చినా మాట్లాడే దారిని మూసేయకూడదు. వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా సందేశాలు పంపుకునే ఏర్పాటుకు 1963 జూన్‌లో రెండు ప్రభుత్వాలూ సంతకాలు చేసింది, క్యూబా సంక్షోభం సాగిన ఆ పదమూడు రోజుల్లో సందేశాలు చేరడానికి గంటలకు గంటలు పట్టడం చూశాకే.