ఆపరేషన్ థియేటర్‌కి బదిలీ అయిన ముహూర్తం గారికి

మహారాజశ్రీ ముహూర్తం గారి సముఖానికి, 39వ వారంలో ఉన్న ఒక గర్భిణి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

చిన్నప్పటి నుంచీ మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, బోరు వేయించేచోట, కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేచోట. మా పిన్నికి తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకు తాళి కట్టించింది మీరే. వచ్చిన చుట్టాలు కుర్చీల్లోనే గురకపెట్టారు, అయినా మిమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈమధ్య మాత్రం మీరు ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీ చేస్తున్నారట. మత్తు డాక్టరు కన్నా ముందే వచ్చి కూర్చుంటున్నారట. అందుకే ఈ ఉత్తరం.

విషయానికొస్తాను. కడుపుతో ఉండగా నాకు షుగర్ వచ్చింది. తిండి అదుపులో పెట్టుకుంటే సరిపోయింది, మందులు అక్కర్లేకపోయింది. బిడ్డ బాగుంది, తల కిందికే ఉంది. కాకపోతే మరీ రోజులు దాటనివ్వొద్దంది డాక్టరమ్మ. జెల్ పెట్టి నొప్పులు తెప్పించి చూడొచ్చు, లేదా ఒక రోజు అనుకుని ఆపరేషన్ చేయొచ్చు. "ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అంది.

శనివారం సాయంత్రం ఇంట్లో మాట్లాడుకున్నాం. అంటే వాళ్లు మాట్లాడుకున్నారు, నేను మజ్జిగ తాగుతూ విన్నాను. జెల్లా, ఆపరేషనా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోయింది. జెల్ పెడితే బిడ్డ ఎప్పుడు పుడుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి జెల్ వద్దు. ఆపరేషన్ అయితే టైము మన చేతిలో ఉంటుంది కాబట్టి ఆపరేషనే. మిగతా గంటన్నరా మీ గురించే.

మామయ్య పంచాంగం తెచ్చారు, మా ఆయన ఫోన్‌లో యాప్ తెరిచాడు. రెండింట్లో వర్జ్యం రెండు టైముల్లో ఉంది. ఒకటి దృక్కు లెక్కట, ఇంకోటి పాత లెక్కట. ఏటా పండగ ఏ రోజన్న దగ్గర జరిగే గొడవ ఈసారి నా పొట్ట మీదికి వచ్చింది. ఆదివారం రోహిణి. రోహిణిలో పుడితే మేనమామకు గండం అనగానే అప్పటిదాకా క్రికెట్ చూస్తున్న మా తమ్ముడు టీవీ సౌండ్ తగ్గించాడు. శుక్రవారం ఆశ్లేష. ఆశ్లేష పిల్ల అత్తకు కీడు. కడుపులో ఉన్నది ఆడో మగో తెలియదు. ఆడపిల్లే అనుకున్నా, దానికి పాతికేళ్ల తర్వాత ఎక్కడో దొరకబోయే అత్తగారి ఆయుష్షు గురించి మా హాల్లో అంతసేపు చర్చ జరిగింది. నా గర్భసంచి గురించి ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. అది ఎజెండాలో లేదు.

చివరికి మీరు ఖరారయ్యారు. గురువారం, పుష్యమి నక్షత్రం, గురుపుష్య యోగం, ఉదయం 10:42 నుంచి 10:55 లోపు.

ఈ 13 నిమిషాల లెక్క ఏమిటని మామయ్యను అడిగాను, ఓపిగ్గా చెప్పారు. లగ్నం సుమారు 2 గంటలు ఉంటుంది, దాన్ని 9 భాగాలు చేస్తే ఒక నవాంశ. బాగుంది. కానీ కాకినాడకూ హైదరాబాద్‌కూ సూర్యోదయంలోనే దాదాపు పావుగంట తేడా ఉంటుంది. మీరు ఏ ఊరి గడియారం ప్రకారం వస్తున్నారో కనుక్కోకుండానే నా పొట్ట కోతకు మావాళ్లు ఒప్పుకున్నారు. ఇంకో సందేహం. పుట్టిన క్షణం అంటే ఏది? తల బయటికి రావడమా, నేల మీద పడటమా? శిరోదయం, భూపతనం అంటూ పెద్దలు ఎప్పటి నుంచో వాదించుకుంటున్నారు. థియేటర్‌లో బిడ్డ నేల మీద పడదు కదండీ, పడితే పోలీసు కేసు అవుతుంది.

పైగా గురుపుష్యం ఒక్క మా ఇంటికే రాదు. ఆ పూట మాతో కలిపి ఇప్పటికే ముగ్గురు అడిగారని సిస్టర్ చెప్పింది. థియేటర్ ఒకటి, మత్తు డాక్టరు ఒకరు, ఆయన ఇంకో రెండు ఆస్పత్రులు చూసుకుంటూ వస్తారు. ఆయన స్కూటర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ముగ్గురు మహర్జాతకుల్లో ఇద్దరు మామూలు మనుషులుగా పుట్టాల్సిందే. మా ప్రాంతానికే పరిమితమైన పేరు కాదు మీది. 2024 జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరిగిన రోజే పురుడు పోయమని ఉత్తరప్రదేశ్‌లో గర్భిణులు డాక్టర్లను అడిగారని పేపర్లో చదివాను. అయినా సొంతూరి అభిమానం కొద్దీ చెబుతున్నాను, మా దగ్గరే మీకు మర్యాద ఎక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7, ఒక్క ప్రైవేటు ఆస్పత్రులే లెక్క తీస్తే 81.5. ఇదంతా మీ ప్రతాపమే అంటే అబద్ధమవుతుంది. ముహూర్తాలు చూసి కోతలు పెట్టించుకోవద్దని అప్పట్లో ఆరోగ్య మంత్రిగా ఉన్న హరీశ్‌రావు గారు సభల్లో చెప్పి చూశారు. మీరేమో తిట్లు తినడానికి దొరికారు. కానీ మీ వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో నాకు తెలుసు.

జెల్ పెట్టిన మనిషిని ఒక రాత్రి, ఒక్కోసారి ఒకటిన్నర రోజు కనిపెట్టుకుని ఉండాలి. నర్సు పక్కనే ఉండాలి, బిడ్డ గుండె చప్పుడు మాటిమాటికీ చూడాలి, అర్ధరాత్రి డాక్టర్ని లేపాలి. ఆపరేషన్ అయితే గంటలోపు అయిపోతుంది, ప్యాకేజీ కూడా పెద్దది. ఈ మాట పైకి చెబితే బాగోదు కాబట్టి మిమ్మల్ని ముందుకు తోస్తారు. ఆస్పత్రివాళ్లు "వాళ్లే ముహూర్తం తెచ్చుకున్నారు" అంటారు. ఇంట్లోవాళ్లు "డాక్టరే సరేనన్నారు" అంటారు. సంతకం నాది. మీరు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టరు. ఇంత హాయైన ఉద్యోగం నేనెక్కడా చూడలేదు.

మీరు రావడంతో అడగకుండా పోయిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. గర్భసంచి ముఖద్వారం మెత్తబడిందా, ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది. ఈ ఐదింటికి మార్కులు వేసే పద్ధతిని 1964లో ఎడ్వర్డ్ బిషప్ అనే డాక్టరు చెప్పాడు. బిషప్ స్కోర్ అంటారు, చర్చికి సంబంధం లేదు, కంగారుపడకండి. మొత్తం 13 మార్కులు. మీ 13 నిమిషాలకు పోటీగా పెట్టింది కాదు, అదలా కుదిరింది. 8 దాటితే మందుతో నొప్పులు తెప్పించినా మామూలు కాన్పు అయ్యే అవకాశం బాగా ఉన్నట్టు. 6, అంతకంటే తక్కువైతే ముందు జెల్‌తోనో, చిన్న బెలూన్‌తోనో ముఖద్వారాన్ని మెత్తబరిచి, ఆ తర్వాత సెలైన్‌లో నొప్పులు తెప్పించే మందు ఎక్కించాలి. నాకు "ఒక వేలు ఓపెన్, ఇంకా గట్టిగానే ఉంది" అంది డాక్టరమ్మ. ఈ ముక్క ఇంట్లో చెబితే మామయ్య "ఏ వేలు?" అన్నారు.

అత్తమ్మ భయం వేరు. "జెల్ పెడితే నొప్పులన్నీ పడి పడి చివరికి ఆపరేషనే చేస్తారమ్మా, రెండు బాధలూ ఎందుకు?" అంది. దీన్ని కొట్టిపారేయలేను, వాళ్ల చెల్లెలి కూతురికి అచ్చంగా అదే జరిగింది. పొద్దున జెల్ పెట్టారు, సాయంత్రానికి ఫెయిల్ అన్నారు, రాత్రి భోజనాల వేళకు కోసేశారు. అయితే అక్కడ ఫెయిలైంది జెల్లా, ఓపికా? ఉమ్మనీరు పోయాక, నొప్పుల మందు ఎక్కుతుండగా, తల్లీబిడ్డా బాగుంటే కనీసం 12 గంటలైనా చూడందే ఫెయిల్ అనకూడదని వైద్య నియమాల్లోనే ఉంది. అమెరికాలో 6,100 మందికి పైగా తొలిచూలు తల్లుల మీద చేసిన ఒక పెద్ద పరిశోధన 2018లో వచ్చింది. 39వ వారంలో నొప్పులు తెప్పించినవాళ్లలో 18.6 శాతానికి, ఎదురుచూసినవాళ్లలో 22.2 శాతానికి ఆపరేషన్ అయింది. అక్కడి ఓపిక, అక్కడి నర్సులు, వెన్నులో మత్తు ఇచ్చి నొప్పి తగ్గించే ఏర్పాటు, అన్నీ కలిస్తే వచ్చిన లెక్క అది. ఆ లెక్క ఇక్కడ రావాలంటే ఆస్పత్రి కూడా అలాగే ఉండాలి. కాబట్టి "జెల్ పెట్టాక ఎంతసేపు చూస్తారు, రాత్రి ఎవరుంటారు, మా అమ్మను లోపల నా పక్కన ఉండనిస్తారా" అన్నవి నేను అడగాల్సిన అసలు ప్రశ్నలు. వీటికి మీ దగ్గర జవాబు లేదు, పంచాంగంలో ఆ కాలమే లేదు.

ఆపరేషన్ మీద నాకు పగేమీ లేదు. మాయ కిందికి ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా అదే ప్రాణం పోస్తుంది. మా అమ్మమ్మ కాలంలో అది అందక పోయినవాళ్ల పేర్లు మా ఇంట్లో ఇప్పటికీ తలుచుకుంటారు. నొప్పులంటే భయం, నేను పడలేను అని ఒకామె అన్నీ తెలుసుకుని ఆపరేషన్ అడిగితే అది ఆమె ఇష్టం, నేనెవర్ని కాదనడానికి. కానీ ఆ అడిగే మనిషి ఆమె అయి ఉండాలి, శుక్రుడు కాదు. కుట్లు మానేదాకా మంచం దిగేటప్పుడు పొట్ట పట్టుకునేది ఆమె. రెండో కాన్పుకు "మొదటిది ఆపరేషనా? అయితే ఇదీ అంతే" అనిపించుకునేది కూడా ఆమే.

ఇంకో సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. మూఢం వచ్చేస్తోందని మా చిన్ననాటి స్నేహితురాలికి 37వ వారంలోనే మిమ్మల్ని పిలిపించారు. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా కోసి తీసిన పిల్లల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. ఊపిరితిత్తుల్లోని నీరు పూర్తిగా ఆరకుండానే బయటికి వస్తారు. ఆ బాబు లగ్నంలో గురువుతో, ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో పుట్టాడు. రాజయోగం ఉందట. ఆ యోగంలో మొదటి మెట్టు ఎన్‌ఐసీయూ, అంటే పసికందుల ఐసీయూ. తల్లి ఒక అంతస్తులో, బిడ్డ ఇంకో అంతస్తులో, బిల్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో. ఇప్పుడు వాడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు, అది వేరే విషయం. ఆ ఘనతలో మాత్రం మీకు వాటా ఇవ్వను.

ఇక నా నిర్ణయం. నిన్న నేనూ అమ్మా మళ్లీ వెళ్లి డాక్టరమ్మతో కూర్చుని మాట్లాడాం. మంగళవారం పొద్దున చేరుతున్నాను, జెల్ పెడతారు. మంగళవారం మా ఇంట్లో గోళ్లు కూడా తీయరని తెలుసు. నేను గోళ్లు తీయించుకోవడానికి వెళ్లడం లేదు. బుధవారం దాకా చూస్తానంది, అమ్మను పక్కన ఉండనిస్తానంది. మధ్యలో బిడ్డ గుండె చప్పుడు తగ్గితే వెంటనే ఆపరేషనే, దానికీ నేను సిద్ధమే. అది బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, నట్టనడి రాహుకాలంలో అయినా సరే. ఒకటిన్నర దాకా ఆగమని ఎవరైనా థియేటర్ తలుపు కొడితే సెక్యూరిటీని పిలుస్తానని డాక్టరమ్మే చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

మా ఆయన మొదట ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత బ్యాగు సర్దడంలో పడ్డాడు. మామయ్య ఇంకా మాట్లాడటం లేదు. అమ్మ మాత్రం ఎవరికీ చెప్పకుండా బుధవారం పునర్వసు అని చూసుకుంది, రాముడి నక్షత్రం కదా అని లోలోపల సంతోషిస్తోంది. ఆ మాత్రం లంచం మీకు ఇచ్చుకోవచ్చు.

మీరు నొచ్చుకోకండి. గురువారం 10:42కి మీకు పని లేకుండా పోయిందని బెంగ వద్దు, ఆ పూట మిమ్మల్ని నమ్ముకున్నవాళ్లు ఇంకో ఇద్దరు ఉన్నారు, క్యూలో పెట్టుకోండి. మా ఇంటికి 21వ రోజు బారసాలకు రండి. ఉయ్యాల ఎప్పుడు కట్టాలో, పేరు ఏ అక్షరంతో మొదలుపెట్టాలో అన్నీ మీ ఇష్టమే. ఒక్క మనవి, తెల్లవారుజామున మూడింటికి మాత్రం పెట్టకండి.

ఇట్లు,
ఒక వేలు ఓపెన్‌లో ఉన్న మీ భక్తురాలు

తా.క.: రోహిణి ఎన్నింటికి వెళ్లిపోతుందో సరిగ్గా కనుక్కోమని మా తమ్ముడు పోరుతున్నాడు. రెండు పంచాంగాల ప్రకారమూ చెప్పండి, వాడికి టెన్షన్‌గా ఉంది.