దేవుడు క్షమించాడు సరే, ఆ మనిషి మాటేమిటి?

"ఆ సంగతి దేవుడి దగ్గర ఒప్పేసుకున్నాను. ఆయన క్షమించాడు. ఇక దాని గురించి ఎత్తొద్దు." విశ్వాసుల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. అన్నదమ్ముల ఆస్తి గొడవల్లో విన్నాను, భార్యాభర్తల తగాదాల్లో విన్నాను, నలుగురి డబ్బు ఒకరి చేతిలో ఉండి లెక్క తేలనప్పుడూ విన్నాను. విన్న ప్రతిసారీ నా ఆలోచన అవతలి మనిషి మీదికి పోతుంది. డబ్బు పోగొట్టుకున్నది ఆ మనిషి. అందరిలో మాట పడ్డది ఆ మనిషి. క్షమాపణ మాత్రం ఆ మనిషికి తెలియకుండానే అడగడం, దొరకడం, ముగిసిపోవడం అన్నీ అయిపోయాయి.

సువార్తను రోజువారీ బతుకులో ఎలా పాటించాలి అన్న ప్రశ్న వస్తే ప్రార్థన, వాక్యం చదవడం, దానం చేయడం గురించి మాట్లాడతాం. అవన్నీ కావలసినవే. కానీ యేసు వీటికంటే ముందు చేయమన్న పని ఒకటుంది. మనవల్ల దెబ్బతిన్న మనిషి దగ్గరికి స్వయంగా వెళ్లాలి, చేసింది ఒప్పుకోవాలి, సరిచేయగలిగినంత సరిచేయాలి. మనం అన్నిటికంటే తక్కువగా చేసేది ఇదేనని నా అభిప్రాయం.

మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు చూడండి. మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే తీసేసుకుని ఆరాధనకు రావాలి అని చాలామంది దీన్ని చదువుకుంటారు. అక్కడున్నది అది కాదు. "నీమీద నీ సహోదరునికి" విరోధం ఉందని గుర్తొస్తే, అని ఉంది. నొచ్చుకున్నది అవతలివాడు. లేచి వెళ్లాల్సింది మనం. అర్పణను అక్కడే విడిచిపెట్టి "మొదట వెళ్లి" సమాధానపడమన్నాడు. ఆ మాట విన్నవాళ్లలో చాలామంది గలిలయ వాళ్లు. వాళ్లకు బలిపీఠం అంటే యెరూషలేము దేవాలయంలోదే. అక్కడికి వంద కిలోమీటర్లకు పైనే దూరం, మూడు నాలుగు రోజుల నడక. అంత దూరం వచ్చి బలిపీఠం ముందు నిలబడ్డవాణ్ని వెనక్కి వెళ్లమంటున్నాడు. వెళ్లి, మాట్లాడి, మళ్లీ నడిచి రావాలంటే వారం సరిపోదేమో. అంతవరకూ దేవుడికి ఇవ్వాల్సింది ఆగినా ఫర్వాలేదన్నమాట! ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. మనకైతే ఫోన్ చేతిలోనే ఉంటుంది. అయినా ఆ ఒక్క నంబరుకు చేయడానికి ఏళ్లు పడుతుంది.

సరే, చేశామనుకుందాం. ఏమంటాం? "నా మాటలు నిన్నేమైనా బాధపెట్టి ఉంటే సారీ." ఈ వాక్యాన్ని ఒకసారి నిదానంగా చూడండి. తప్పు జరిగిందని ఇందులో ఎక్కడా లేదు. బాధపడటం అవతలివాళ్ల పని అయినట్టు, మనం మర్యాదకు సారీ చెబుతున్నట్టు ఉంటుంది. దానికి బదులు, "పెళ్లిలో అందరి ముందు నీ ఉద్యోగం గురించి ఎగతాళిగా మాట్లాడాను. అలా మాట్లాడటం తప్పు" అని చెప్పి చూడండి. గొంతు పెగలదు. ఎందుకంటే అందులో చేసిన పని ఉంది, చోటు ఉంది, చూసినవాళ్లు ఉన్నారు, తప్పించుకునే దారి లేదు.

లూకా 15లో యేసు చెప్పిన ఉపమానం ఒకటుంది. తండ్రి ఆస్తిలో తన వాటా తీసుకుని దూరదేశం పోయి అంతా పాడుచేసుకున్న చిన్న కొడుకు, తిరిగి ఇంటికి బయలుదేరే ముందు ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంటాడు. పరలోకానికి విరోధంగానూ నీ ఎదుటా పాపం చేశాను అంటాడు. రెండూ ఉన్నాయి చూడండి. దేవుడి పేరు చెప్పి తండ్రిని తప్పించుకోలేదు. స్నేహితులు చెడగొట్టారనలేదు, కరువొచ్చిందనలేదు. నిజానికి కరువు వచ్చింది కూడా. అయినా ఆ మాట ఎత్తలేదు. తండ్రి పరుగెత్తుకొచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాక కూడా, ఇక చెప్పనక్కర్లేదులే అని ఊరుకోకుండా ఆ మాట చెప్పాడు. నాకు ఈ ఉపమానంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

దీనికి కొందరు దావీదు రాజు మాటను అడ్డం పెడతారు. 51వ కీర్తనలో "నీకు కేవలము నీకే విరోధముగా" పాపం చేశాను అన్నాడు కదా, దేవుడితో తేల్చుకుంటే చాలదా అంటారు. ఆ పాపం తన సైనికుడు ఊరియా భార్యను తీసుకోవడం. దావీదు వెళ్లి క్షమాపణ అడగడానికి ఊరియా బతికి లేడు. చంపించింది దావీదే. నాతాను ప్రవక్త వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పినప్పుడు, ఆ దొంగ నాలుగంతలు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది కూడా ఈ దావీదే.

ఆ నాలుగంతలు మళ్లీ యెరికో పట్టణంలో, లూకా 19లో కనిపిస్తాయి. జక్కయ్య సుంకరుల పెద్ద, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లకు పెద్ద. తనను చూడటానికి ఎక్కిన మేడిచెట్టు దిగి రమ్మన్నప్పుడు యేసు అతన్ని డబ్బు గురించి ఒక్క మాట కూడా అడగలేదు, నీ ఇంట్లో ఉండాలి అన్నాడంతే. జక్కయ్యే నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నవాళ్లకు నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు. తప్పు తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే చాలని మోషే ధర్మశాస్త్రంలోని సంఖ్యాకాండము 5వ అధ్యాయం చెబుతుంది. నాలుగంతలు గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి వేసే లెక్క. తనకు ఏ లెక్క వర్తిస్తుందో జక్కయ్యే తేల్చుకున్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట ఆ తర్వాత వచ్చింది. ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు చెట్టెక్కిన పొట్టివాడి దగ్గరే ఆగిపోతాం. డబ్బు తిరిగివ్వడం దాకా చెప్పాలని నా మనవి.

ఇప్పటిదాకా తప్పు చేసినవాళ్ల గురించి మాట్లాడాను. దెబ్బతిన్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్నవాడి గొంతు పట్టుకుంటాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి, ఏ మనిషీ తీర్చలేనిది. దాంతో పోలిస్తే నూరు దేనారాలు ఏపాటి అని బోధిస్తుంటారు. నిజమే. కానీ నూరు రోజుల కూలి కష్టం చేసుకునేవాడికి చిన్నదేమీ కాదు, మూడు నెలల పైన తిండి అది. నీకు జరిగిన నష్టం ఉత్తిదే అని యేసు ఎవరితోనూ అనడం లేదు. నష్టం నిజమని ఒప్పుకుంటూనే వదలమంటున్నాడు.

ఈ తేడా పట్టించుకోకపోతే క్షమాపణ బలహీనుల నెత్తిన వేసే బరువు అవుతుంది. దెబ్బలు తిన్న భార్యతో "క్షమించాలమ్మా, డెబ్బై ఏడుల సార్లు అన్నాడు కదా ప్రభువు" అని చెప్పి తిరిగి అదే ఇంటికి పంపే పెద్దలు ఉన్నారు. ఇది సువార్త కాదు. లూకా 17:3లో తప్పు చేసినవాణ్ని గద్దించమని ముందుంది, మారుమనస్సు పొందితే క్షమించమని తర్వాత ఉంది. గద్దించడం అనే సగాన్ని మింగేసి రెండో సగాన్ని దెబ్బలు తిన్న మనిషికి అప్పజెప్పడం అన్యాయం. ఆమె మనసులో పగ వదిలేయవచ్చు, అదే సమయంలో తలుపుకు గడియ పెట్టుకోవచ్చు, పోలీసులకు ఫోన్ చేయవచ్చు. వీటిలో ఏదీ మరోదానికి అడ్డు కాదు.

పెద్ద ఎత్తున కూడా ఇదే జరుగుతుంది. దక్షిణాఫ్రికాలో ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్య, సయోధ్య కమిషన్ 1996లో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. వర్ణవివక్ష పాలన కాలంలో రాజకీయ కారణాలతో చేసిన నేరాలు పూర్తిగా బయటపెట్టినవాళ్లకు శిక్ష నుంచి మినహాయింపు దొరికే ఏర్పాటు అది. బాధితులకు పరిహారం ఇవ్వాలని కూడా కమిషన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం 2003లో మాత్రమే 30,000 రాండ్ల చొప్పున ఒక్కసారి ఇస్తామని ప్రకటించింది. కమిషన్ అడిగిన దానికంటే అది చాలా తక్కువ. టుటు మీద నాకు అపారమైన గౌరవం, ఆ విచారణల్లో బయటపడ్డ నిజం చిన్న సంగతి కాదు. అయినా క్షమాపణ ముందు నడిచి, పరిహారం ఏళ్ల తరబడి వెనకబడితే ఆ బాధ ఎవరు మోస్తారో అక్కడ లోకమంతా చూసింది.

ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇది మన సహవాసాల్లో వారం వారం జరుగుతుంది. ఎవరైనా మన పట్ల తప్పు చేస్తే ముందు ఒంటరిగా అతనితోనే మాట్లాడమని మత్తయి 18:15 చెబుతుంది. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లమంటుంది. సంఘానికి చెప్పడం ఆ తర్వాతి మెట్టు. మనం ఆ వరుసను తలకిందులు చేస్తాం. "ఫలానా వాళ్ల కుటుంబం కోసం ప్రార్థించండి, వివరాలు అడక్కండి" అని గ్రూపులో పెడతాం. సాయంత్రానికి వివరాలన్నీ అందరికీ తెలిసిపోతాయి, ఆ ఫలానా వాళ్లకు మాత్రం ఒక్క ఫోన్ కూడా రాదు. ప్రార్థన అంశం పేరుతో ఒక మనిషి పరువు తీయకూడదు. ఈ అలవాటు గట్టిగా ఆపాలి. గ్రూప్ నడిపేవాళ్లే, "ముందు వాళ్లతో మాట్లాడారా?" అని అడగడం మొదలుపెట్టాలి.

వెళ్లినా అవతలివాళ్లు తలుపు తీయకపోవచ్చు. అది వాళ్ల హక్కు. క్షమించి తీరాలని అడిగే అధికారం తప్పు చేసినవాడికి లేదు. మీ చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండమన్నాడు పౌలు, రోమా 12లో. బాకీ మాత్రం తలుపు తీసినా తీయకపోయినా ఇవ్వాల్సిందే.

మరి ఆ మనిషే పోతే? సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో దానికీ జవాబు ఉంది. ఐదో వంతు కలిపిన ఆ సొమ్ము దగ్గరి బంధువుకు ఇవ్వాలి. తీసుకోవడానికి బంధువు కూడా లేనప్పుడు మాత్రమే అది యెహోవాకు చెందుతుంది, యాజకుడికి చేరుతుంది.